గాజుకుప్పెకు కొత్త కొలువు

తెలుగులో “సీసము” అను మాట వినగానే సాహిత్య విద్యార్థికి శ్రీనాథుని పద్యము స్ఫురించును. రసాయనశాస్త్ర విద్యార్థికి బూడిదవన్నె గల బరువైన లోహము స్ఫురించును. కొసను కొంచెము మార్చి “సీసా” అన్నచో ఇంటిల్లిపాదికిని ఒక గాజుపాత్ర కన్నులయెదుట నిలుచును. లోహమును చెప్పు సీసము సంస్కృతము నుండి వచ్చినది. సీసా పారసీకమందలి “శీశా” నుండి హిందూస్తానీ మీదుగా మన యింట ప్రవేశించినది. పుట్టుకచేత ఈ రెండు మాటలకును చుట్టరికము లేదు. అయినను ఒక వస్తువునందు సీసమును సీసాయు నిజముగనే ఏకమైనవి. సన్నని మెడ, వెడల్పైన కడుపు, గాజుబిరడా గల ఆ అందమైన కుప్పెను ఆంగ్లేయులు డికాంటరు అని పిలుతురు.

ఈ కుప్పెలు మన దేశమునకు కొత్తవి కావు. జమీందారీ మేడల నుండి చేతులు మారి వచ్చినవి కొన్ని, విదేశములలోని బిడ్డలు కానుకగా తెచ్చి యిచ్చినవి కొన్ని, పాతసామానుల అంగళ్లలో మోజుపడి కొన్నవి కొన్ని, నేడు పలు యిండ్లలో అద్దపు తలుపుల అలమారులలో తాళము క్రింద ఉన్నవి. వానిని వాడువారు లేరు. పారవేయుటకు చేతులు రావు. ఏటి కొకసారి దుమ్ము తుడిచి మరల తాళము వేయుదురు. ఇట్టి వస్తువునకు ఇంటిలో ఏ పని చూపవచ్చును? ఏ పని చూపరాదు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకవలెనన్న ముందు దాని జాతకము కొంత తెలియవలెను.

తేర్చెడి పాత్ర

డికాంటరు అను పేరు ఒక పనినిబట్టి వచ్చినది. అడుగున మడ్డి దిగిన ద్రవమును కదలింపక, పైతేటను మాత్రము మరియొక పాత్రలోనికి వంచుకొనుట ఆ పని. మధ్యయుగపు రసవాదులు దీనికి లాటిను భాషలో ఒక క్రియాపదమును కల్పించుకొనిరి. అందలి మూలపదము పాత్ర మూతి అంచునందలి నొక్కును చెప్పును. ఆ పదమునకు మూలమైన గ్రీకు మాటకు కనుకొలకు అని అర్థము. పాత్ర మూతిలో కనుకొలకును చూచినవాడు రసవాదియే కాదు, కొంత కవియు అయి యుండవలెను.

మన బడులలో ఈ పనిని “తేర్చుట” అని నేర్పుదుము. మనకు మాటయు పాతదే, పనియు పాతదే. వరదకాలమున గోదావరి నీరు ఎఱ్ఱగా వచ్చినప్పుడు ఇండుపగింజను అరగదీసి బిందెలో కలిపి, మడ్డి దిగిన పిదప తేటనీటిని వంచుకొనుట మన పల్లెలలో తాతలనాటి అలవాటు. అయితే మన పాత్ర ఇత్తడి బిందె, లేదా మట్టికుండ. లోపలి నీరు తేరినదో లేదో తొంగి చూడవలసినదే. ఐరోపావారు తేర్చుకొన్నది ద్రాక్షసారాయము. దానికి వారు గాజును ఎన్నుకొనిరి. గాజుపాత్రలోనిది తేరినదో లేదో బయటి నుండియే తెలియును గదా! పారదర్శకత ఆ పాత్రకు మొదటి గుణము. సౌందర్యము ఆ గుణమునుండియే పుట్టినది.

సీసము చేరిన కథ

వెనిస్ నగరపు చేరువనున్న మురానో దీవి ఒకప్పుడు గాజుపనికి పెట్టినది పేరు. అగ్నిభయముచేత 1291లో వెనిస్ ప్రభుత్వము గాజుకొలుములను ఊరిలోనుండి ఆ దీవికి తరలించినది. అచ్చటి గాజు తేలికైనది, పలుచనైనది. అది ఊదుటకు అనువుగా ఉండునే గాని లోతుగా చెక్కుటకు పనికిరాదు.

1674లో లండనులో జార్జి రావెన్స్‌క్రాఫ్టు అను వర్తకుడు కొత్తరకపు స్ఫటికగాజును చేయుటకు ఏడేండ్ల హక్కుపత్రమును పొందెను. అతడు మొదట చేయించిన పాత్రలు కొలదికాలములోనే సన్నని పగుళ్లువారి మసకబారినవి. గాజుద్రవములో సీసపు ఆక్సైడును కలిపి ఆ దోషమును నివారించిరి. అట్లు పుట్టిన గాజు బరువైనది, మెత్తనిది, తిరుగుడు రాతిపై పట్టి పలకలు చెక్కుటకు అనుకూలమైనది. సాధారణపు గాజు వక్రీభవన గుణకము సుమారు 1.5 కాగా, సీసపు గాజునకు 1.55, అంతకు మించియు ఉండును. అత్యల్పముగా తోచు ఆ భేదమువలననే వెలుగు లోపల ఎక్కువగా వంగి, పలకపలకకు తళుక్కుమని, అంచులలో ఇంద్రధనుస్సుగా విరియును.

18వ శతాబ్దములో ఈ కుప్పెకు నూరి నునుపు చేసిన గాజుబిరడా అమరినది. ఓడలలో వాడుటకై, అలలకు దొర్లిపోకుండ అడుగు మిక్కిలి వెడల్పుగా ఉండు రకము వేరుగా పుట్టినది. 1745లో బ్రిటిషు ప్రభుత్వము గాజుపై తూకమునుబట్టి పన్ను విధించినది. ఐర్లండునకు 1825 వరకు ఆ పన్ను లేదు. 1783లో అచ్చటి వాటర్‌ఫర్డు పట్టణములో వెలసిన కర్మాగారము లోతైన చెక్కడములు గల బరువు పాత్రలకు ప్రసిద్ధి కెక్కినది. బ్రిటనులో ఆ పన్ను 1845లో రద్దయినది. మన హైదరాబాదులో 1951లో ప్రజలకు తెరచిన సాలార్‌జంగు మ్యూజియమునందు ఐరోపా గాజుపనికి చక్కని మచ్చుతునకలు ఉన్నవి. విహారయాత్రకు పోయిన విద్యార్థులు గడియారపు గంట కొరకు గుంపుగూడుదురే గాని గాజుపాత్రల వంక చూచువారు అరుదు. ఉపాధ్యాయులు వారిని ఒక పది నిమిషములు అచ్చట నిలుపవలెను.

పాత పనికి సెలవు

ఈ కథలో మెరుపును తెచ్చిన సీసమే మచ్చను కూడ తెచ్చినది. సీసము విషలోహము. 1991లో లాన్సెట్ అను వైద్యపత్రికలో గ్రాజియానో, బ్లమ్ అను శాస్త్రజ్ఞులు తాము చేసిన పరీక్షలను ప్రకటించిరి. లీటరుకు 89 మైక్రోగ్రాముల సీసము గల ద్రాక్షసారాయమును స్ఫటికపు డికాంటరులలో పోసి యుంచగా, నాలుగు నెలలకు ఆ పరిమాణము 3,500 మైక్రోగ్రాములను దాటినది. త్రాగునీటిలో సీసము లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసము చేయు హాని విషయములో, ఇంతవరకు క్షేమమని చెప్పదగిన పరిమితియే లేదని ఆ సంస్థ చెప్పుచున్నది.

పులుపు తగిలినచో సీసము మరింత వేగముగా ఊడి వచ్చును. మద్యము ముట్టని యిల్లు గదా, మాకేమి అని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను. అందముగా ఉన్నదని ఆ కుప్పెలో నిమ్మరసమును, పండ్లరసమును, పానకమును పోసి నిలువయుంచుట ఏ మాత్రమును తగదు. ఇటీవల బేరియము, జింకు మొదలైన వాని ఆక్సైడులతో సీసము లేని స్ఫటికగాజును చేయుచున్నారు. కాని పాత కుప్పె ఏ జాతిదో కంటితో నిశ్చయించుట కష్టము. ఎక్కువ బరువు, గోటితో మీటినప్పుడు గుడిగంటవలె సాగెడి నాదము, అంచులలో విరిసెడి రంగులు సీసమునకు సూచనలే గాని రుజువులు కావు. కనుక తెలియని కుప్పెను సీసపు కుప్పెగనే యెంచుట మేలు.

ఇక్కడ ఒక వింత ఉన్నది. ఏ పని కొరకు ఈ పాత్ర పుట్టినదో, సరిగా ఆ పనికే అది ఇప్పుడు తగదని తేలినది. చూచుటకు మాత్రము నాటికిని నేటికిని తగియే యున్నది. మనము దానిని అలంకారముగా పెట్టుకొనుట విలాసము కాదు. దానికి మిగిలిన సక్రమమైన ఉద్యోగము అది యొక్కటియే.

మద్యపాత్ర గదా!

“ఎంత అందమైనదైనను అది మద్యమునకు పుట్టిన పాత్ర. బడిపంతులు ఇంటిలో దాని కేమి పని?” అని కొందరు అడుగుదురు. ఈ ఆక్షేపణను నవ్వి త్రోసివేయరాదు. తెలుగుదేశములో సారాసీసా ఎన్ని వంటయిండ్లలో పొయ్యి నార్పినదో మనమెరుగుదుము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు తమ వాచకములోని ఒక పాఠమును చదివి, చర్చించి, ఊరిలోని సారాదుకాణమును మూయించిరి. ఆ నిప్పురవ్వ జిల్లాలను దాటినది. 1993లో రాష్ట్రమంతటను సారా నిషేధమును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చినవి. రెండవది 1997లో సడలిపోయినను, ఒక వాచకములోని పాఠము ఎంత పని చేయగలదో ఆ స్త్రీలు లోకమునకు చాటిరి. ఉపాధ్యాయులు మరువదగిన చరిత్ర కాదది.

కనుక ఈ విషయమున తీర్పు చెప్పవలసినది అలమారు యజమాని కాదు. ఆ యింటి స్త్రీలు. సీసా రూపమే ఒక తల్లికి పాత గాయమును జ్ఞప్తికి తెచ్చునట్లయితే, ఎంత చక్కని చెక్కడమున్నను దానిని బయట పెట్టరాదు. అట్టి బాధ లేని యింట, దానిలో ఒక మొక్క పెరుగుచుండగా చూచిన పిల్లవాడు దానిని మద్యపాత్రగా ఎరుగడు; మొక్కల కుప్పెగా ఎరుగును. వస్తువునకు శాశ్వతమైన పాపము లేదు. దానిలో మనము ఏమి నింపితిమో దానినిబట్టియే దాని కులము మారును.

ఔచిత్యమే కొలబద్ద

అలంకారము అను మాటలో “అలమ్” అనగా చాలును అని యర్థము. చాలునట్లు చేయునది అలంకారము. చాలు అనిపించిన పిదప చేర్చునది అలంకారము కాదు. 11వ శతాబ్దపు కాశ్మీర విమర్శకుడు క్షేమేంద్రుడు కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని సిద్ధాంతీకరించెను. ఇంటికిని ఆ సూత్రమే వర్తించును. గాజుకుప్పెను ఎవరును ఊహింపని చోట పెట్టినంత మాత్రమున అందము రాదు. దాని స్వభావమునకు తగిన పని నిచ్చినప్పుడే చూపరికి మొదట విస్మయమును, వెంటనే “ఇది ఇక్కడ నుండవలసినదే” అను తృప్తియు కలుగును. దాని స్వభావములు నాలుగు: పారదర్శకత, ఇరుకైన మెడ, బిగుతైన బిరడా, పలకల మెరుపు. వీనిలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క కొలువు చూపవచ్చును.

మొదటిది వేరుల ప్రదర్శనము. పూవులు పెట్టుట అందరు నెరిగినదే. కుప్పె మూతిపై ఒక చిన్న ఉల్లిగడ్డను, వేరులు వచ్చు భాగము క్రిందుగా కూర్చుండబెట్టి, నీటిని దానికి ఇంచుమించు తగులునంత వరకు నింపుడు. కొలదిదినములలో తెల్లని వేరులు నీటిలోనికి జారును. పైన పచ్చని మొలక లేచును. పూలకుండీ దాచిపెట్టు సంగతిని గాజుకుప్పె బయటపెట్టును. మనీప్లాంటు కొమ్మ నుంచినను ఇట్లే జరుగును. ఐరోపాలో హయసింతు దుంపలను పెంచుటకు ఇట్టి గాజుపాత్రలు ప్రత్యేకముగా చేసెడివారు.

రెండవది సీసాలో తోట. దీని వెనుక ఒక రమ్యమైన కథ కలదు. 1829లో లండను వైద్యుడు నథానియెల్ వార్డు ఒక చిలుకపురుగు గూటిని తడిమట్టితో సహా గాజుసీసాలో పెట్టి మూత వేసెను. చిలుక సంగతి యెట్లున్నను, ఆ మట్టిలో ఒక ఫెర్ను మొక్కయు గడ్డిపరకయు మొలచి, పొగలతో నిండిన ఆ నగరములో హాయిగా బ్రతికినవి. పగలు ఆవిరియైన తేమ గాజు లోపలి గోడలపై బిందువులై దిగి మరల మట్టిని చేరుచుండెను. ఆ సూత్రముపై వార్డు కట్టించిన గాజుపెట్టెలు మొక్కలకు పల్లకీలైనవి. రాబర్టు ఫార్చ్యూను 1848 తరువాత చైనా నుండి తేయాకు మొక్కలను మన హిమాలయ ప్రాంతపు తోటలకు పంపినది అట్టి పెట్టెలలోనే. మనము ఉదయమున త్రాగు తేనీటి చరిత్రలో మూతపెట్టిన ఒక గాజుసీసాకు ఇంత పాత్ర యున్నది!

మన కుప్పెలో ఇట్టి తోటను పెంచుట సులభము. కాగితపు గరాటు గుండ ముందు సన్నని గులకరాళ్లను, పైన కొన్ని బొగ్గుముక్కలను, ఆపై తడిమట్టిని పోయవలెను. పొడవైన పుల్లతో నాచును, చిన్న ఫెర్ను మొక్కను నాటి, కొలదిగా నీరు చిలికి బిరడా పెట్టవలెను. ఎండ నేరుగా పడరాదు. గోడలు మరీ చెమర్చినచో ఒకనాడు బిరడా తీసి యుంచిన చాలును. భూగోళపు పాఠములోని జలచక్రమును దీనికంటె తేటగా చూపు పటము లేదు.

మూడవది రంగుల కుప్పె. ఒకప్పుడు ఇంగ్లండులోను అమెరికాలోను మందుల అంగళ్ల కిటికీలలో రంగునీరు నింపిన పెద్ద గాజుకుప్పెలుండెడివి. చదువురాని వారికి అదియే అంగడి గుర్తు. మనము రసాయనములను ముట్టనక్కర లేదు. నాలుగు నీలి శంఖపుష్పములను వేడినీటిలో నానబెట్టి, చల్లార్చి, కుప్పెలో పోసినచో నీలమణి రంగు వచ్చును. చిన్న గ్లాసులోనికి కొంత తీసి నిమ్మచుక్క వేసినచో ఊదారంగుకు తిరుగును. ఆమ్లమును గూర్చి ఒక గంట చెప్పవలసినదానిని ఆ యొక్క చుక్క చెప్పును. ఈ నీటిని రెండు మూడు దినములకు పారబోయవలెను, కుప్పెలోనిదానిని త్రాగరాదు. ఇక నీటిలో రెండు చుక్కల పాలు కలిపి, చీకటిగదిలో ఒక ప్రక్కనుండి టార్చి వేసినచో, ప్రక్కలనుండి చూచువారికి నీలిఛాయయు, ఎదుటినుండి చూచువారికి ఎఱ్ఱఛాయయు కనిపించును. ఆకాశము నీలమేల, అస్తమయము అరుణమేల యను ప్రశ్నకు సమాధానము భోజనపు బల్లమీదనే దొరకును.

నాలుగవది పొడి అలంకారము. సంక్రాంతి వెళ్లిన పిదప మిగిలిన ముగ్గురంగులను ఏమి చేయుదుము? వానిని గరాటుతో పొరలుపొరలుగా కుప్పెలో నింపి బిరడా పెట్టినచో, చెరిగిపోవు ముగ్గు ఏడాది పొడవునను నిలుచును. లోపల మసకబారి ఎంత కడిగినను తేటపడని కుప్పెలకు ఈ కొలువు ప్రత్యేకముగా తగినది. ముగ్గురంగులు ఆ లోపమును కప్పును.

అయిదవది వెలుతురు. పూర్వము ఐరోపాలో లేసు అల్లు స్త్రీలు నీరు నింపిన గుండ్రని గాజుబుడ్డి వెనుక కొవ్వొత్తి నుంచి, ఆ వెలుగును తమ చేతిపని మీద ఒకచోటికి కూడగట్టుకొనెడివారు. ఒక్క దీపముతో పలువురు పని చేసికొనెడివారు. మన నరసాపురపు లేసు పరచిన బల్లపై చెక్కడపు కుప్పెను నీటితో నింపి పెట్టి, దాని వెనుక కొంత యెడముగా దీపావళి ప్రమిదను వెలిగించి చూడుడు. ఒక దీపము పది దీపములగును. గాజు వెనుకనున్న లేసు ముడులు పెద్దవై తోచును. మయసభలో నేలను చూచి నీరని, నీటిని చూచి నేలయని దుర్యోధనుడు పడిన భ్రాంతిని సభాపర్వములో చదివిన విద్యార్థికి, గాజును నీటిని కలిపి చూచినప్పుడు ఆ ఘట్టము కొత్తగా అర్థమగును. కుప్పె పగిలి బిరడా మిగిలినచో దుఃఖింప నక్కర లేదు. దారము కట్టి తూర్పు కిటికీలో వ్రేలాడదీసిన చాలును. ఉదయపుటెండలో అది గోడపై ఏడురంగుల తునకలను చల్లును.

కొన్ని జాగ్రత్తలు

నీటితో నిండిన గుండ్రని కుప్పె భూతద్దము వంటిది. ఎండపడు కిటికీలో, తెరలకును కాగితములకును చేరువగా దాని నుంచినచో నిప్పంటుకొను ప్రమాదము కలదు. లోపల కొవ్వొత్తిని గాని దీపమును గాని వెలిగింపరాదు. దళసరి గాజు ఒకచోట వేడెక్కి ఒకచోట చల్లగా నున్నచో పగులును. నిలిచిన మంచినీటిలో డెంగీ దోమ గ్రుడ్లు పెట్టును కనుక వారమునకు రెండుమార్లు నీరు మార్చవలెను.

ఇరుకుమెడ లోపల కడుగుటకు గుప్పెడు బియ్యము, గోరువెచ్చని సబ్బునీరు పోసి మెల్లగా త్రిప్పవలెను. ఉప్పునీటివలన పట్టిన తెల్లని చార నిమ్మరసముతో పోవును. ఆ రసమును వెంటనే పారబోసి బాగుగా కడుగవలెను. అట్లు చేసినను పోని మసక గాజునకే పట్టిన జబ్బు. బిరడా బిగిసినచో మెడచుట్టు కొబ్బరినూనె చుక్కలు వేసి ఒక రాత్రి ఉంచి, మరునాడు నెమ్మదిగా త్రిప్పవలెను. సుత్తి పని లేదు.

ఇంత చిన్న వస్తువునకు ఇంత విచారణ యేల యని అడుగవచ్చును. మన యిండ్లలో అలమారుల పాలై మూగబోయిన వస్తువులు కుప్పె లొక్కటియే కావు. ఇత్తడి గంధపుగిన్నెలు, పన్నీరుబుడ్లు, తాతగారి కలముదాన్లు ఎన్నో కలవు. ప్రతిదానిని గూర్చియు మూడు సంగతులు విచారింపవచ్చును: ఇది ఏ పనికి పుట్టినది? ఆ పని ఇప్పుడు మనకు క్షేమమా? కాకున్నచో దీని స్వభావమునకు తగిన మరొక పని ఏది? ఈ ప్రశ్నలను పిల్లలచేత అడిగించినచో ఇల్లు అలంకృతమగుటయే కాక, కొంత చరిత్రయు, కొంత శాస్త్రమును, కొంత వివేకమును అలవడును. రాబోవు సెలవులలో ఉపాధ్యాయ మిత్రులు తమ అలమారు తాళము తీసి, ఒక్క కుప్పెను బయటికి తెచ్చి, అందులో ఏమి నింపవలెనో తమ పిల్లలనే అడిగి చూతురు గాక.